మందుంది... దారే దూరం

హెచ్ఐవీ ఉన్న మనిషి రోజుకో మాత్ర వేసుకుంటూ అందరిలాగే నిండు జీవితం గడపొచ్చు. ఆ మాత్ర ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అయినా పరీక్షకు రానివాళ్ళు, వచ్చినా చికిత్స మొదలుపెట్టనివాళ్ళు, మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎందుకని? జవాబు వెతకడానికి ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులోని తడ కంటే తగిన ఊరు లేదు.

చెన్నై నుంచి కోల్‌కతా వైపు సాగే పదహారో నంబరు జాతీయ రహదారి తమిళనాడును వదిలి మన రాష్ట్రంలోకి వచ్చే చోట ఉంది తడ. తూర్పున పులికాట్ సరస్సు, దాన్ని నమ్ముకున్న జాలరి పల్లెలు. పడమర శ్రీసిటీ. అక్కడ ఫోన్ల నుంచి ఏసీల దాకా, చాక్లెట్ల నుంచి మెట్రో రైలు పెట్టెల దాకా తయారవుతాయి. మధ్యలో చెన్నై-గూడూరు రైలు మార్గం.

ఈ ప్రాంతంలో జనం రోజంతా కదులుతూనే ఉంటారు. తెల్లవారకముందే లోకల్ రైలెక్కి గుమ్మిడిపూండికో చెన్నైకో పనికి పోయేవాళ్ళు, కంపెనీ బస్సుల్లో షిఫ్టులకు దిగేవాళ్ళు, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి అద్దె గదుల్లో సర్దుకున్న ఆడపిల్లలు, రాత్రంతా స్టీరింగు పట్టుకుని రోడ్డు పక్క హోటల్లో టీ తాగి మళ్ళీ బయల్దేరే లారీ డ్రైవర్లు. వీళ్ళలో ఎవరికైనా హెచ్ఐవీ ఉందని తేలితే, అందాల్సిన వైద్యం మాత్రం కదలకుండా ఒకచోట కూర్చుని ఉంటుంది. జిల్లా పెద్దాసుపత్రిలో, పనిదినాల్లో, పనివేళల్లో. పైగా తడ మండలం 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లా. తిరుపతిలో రుయా ఆసుపత్రికి పోయినా, నెల్లూరు పెద్దాసుపత్రికి పోయినా అటూ ఇటూ దాదాపు వంద కిలోమీటర్లే. చెన్నై అంతకంటే దగ్గర, కానీ అది వేరే రాష్ట్రం.

జబ్బును అదుపు చేసే మందు మన చేతికొచ్చి చాలా ఏళ్ళయింది. మిగిలిన పనల్లా ఆ మందును ఇలా కదిలే మనుషుల దగ్గరికి, వాళ్ళ పరువుకు భంగం రాకుండా చేర్చడం. హెచ్ఐవీ మీద పోరులో ఇక మనం గెలిచినా ఓడినా అది ఈ చేరవేతలోనే.

చెక్‌పోస్టు పోయింది... క్లినిక్కూ కదలాలి

తడ పేరు చెబితే పాత తరం లారీ డ్రైవర్లకు గుర్తొచ్చేది భీమునివారిపాలెం చెక్‌పోస్టు. సరుకు కాగితాల తనిఖీ కోసం బండ్లు బారులు తీరేవి. గంటలు గంటలు ఎదురుచూపులు. అలాంటి ఆగుడు చోట్లలో హోటళ్ళుంటాయి, మెకానిక్ షెడ్లుంటాయి, మద్యం ఉంటుంది, పొట్టకూటి కోసం వచ్చిన ఆడవాళ్ళూ ఉంటారు. దేశంలో హెచ్ఐవీ నివారణ కార్యక్రమాలు ముఖ్యంగా పట్టుకున్న చోట్లలో ఇవీ ఉన్నాయి. 2003లో గేట్స్ ఫౌండేషన్ 'అవహాన్' పేరుతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన కార్యక్రమానికి జాతీయ రహదారులు, లారీ డ్రైవర్లు ముఖ్య లక్ష్యాల్లో ఒకటి. కండోములు పంచడం, సుఖవ్యాధులకు వైద్యం, పరీక్షలు చేయించుకోమని నచ్చజెప్పడం, అన్నీ లారీ ఆగినచోటే జరిగాయి. డ్రైవరు ఆసుపత్రి వెతుక్కుంటూ రాడు, మనమే అతను ఆగేచోటికి పోవాలి అన్న ఆ ఆలోచనలో చాలా తెలివి ఉంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. లారీల బారులు పలచబడ్డాయి. రవాణాకు అది మంచిదే. కానీ ఆరోగ్య కార్యకర్తకు దొరికే ఆ రెండు మూడు గంటల తీరిక కూడా దాంతోనే పోయింది. డ్రైవరు ఇప్పుడు ఆగేది డీజిలు బంకు దగ్గర, ఫ్యాక్టరీ గేటు బయట లోడు కోసం, లేకపోతే ఎక్కడో హోటలు దగ్గర అరగంట. కదిలే జనం దారి మార్చుకుంటే వాళ్ళకోసం పెట్టిన సేవ కూడా ఆ వెంటే మారాలి. మన పథకాల్లో మార్గదర్శకాలు మారడానికి ఏళ్ళు పడుతుంది. డ్రైవరు దారి ఒక్క రాత్రిలో మారుతుంది.

ఆఫ్రికాలో ఇదే చిక్కును ఎదుర్కొన్న తీరు చూడండి. మలావీలో ఆహార సాయం చేరవేయాలంటే లారీలున్నా డ్రైవర్లు దొరకని పరిస్థితి వచ్చింది. హెచ్ఐవీ వాళ్ళను అంతగా దెబ్బతీసింది. అప్పుడు ప్రపంచ ఆహార కార్యక్రమం, టీఎన్‌టీ అనే రవాణా కంపెనీ కలిసి నార్త్ స్టార్ అలయన్స్ అన్న సంస్థకు పునాది వేశాయి. ఓడల్లో సరుకు రవాణా చేసే ఇనుప కంటెయినర్లనే నీలం రంగు క్లినిక్కులుగా మార్చి, దేశాల సరిహద్దుల దగ్గర, లారీలు ఆగే అడ్డాల్లో నిలబెట్టారు. డ్రైవరు వివరాలు కంప్యూటరుకు ఎక్కితే, అతను మరో దేశంలోని క్లినిక్కుకు వెళ్ళినా పాత చరిత్ర కనపడే ఏర్పాటు చేశారు. అక్కడ దేశాల సరిహద్దే అడ్డు కానప్పుడు, తమిళనాడు వైపున్న ఆరంబాక్కానికీ తడకూ మధ్యనున్న రాష్ట్రం సరిహద్దు మనకెందుకు అడ్డు కావాలి?

వెల్లూరు రైలు నుంచి తాంబరం దాకా

ఈ ప్రాంతానికి హెచ్ఐవీ కథతో ఉన్న సంబంధం చాలా పాతది. 1985 చివర్లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మలకు ఆమె గురువు డాక్టర్ సునీతి సోలమన్ ఒక పని అప్పగించారు. సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించి హెచ్ఐవీ ఉందేమో చూడమన్నారు. అప్పటికి మద్రాసులో ఆ పరీక్ష చేసే వసతి లేదు. నిర్మల నమూనాలను ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, 1986లో భర్తతో కలిసి రాత్రి రైల్లో వెల్లూరు సీఎంసీకి తీసుకెళ్ళారు. మన చిత్తూరు వాళ్ళు జ్వరమొచ్చినా గుండె నొప్పి వచ్చినా పరుగెత్తే ఆ వెల్లూరే. అక్కడ ఆరు నమూనాలు పాజిటివ్ అని తేలాయి. దేశంలో హెచ్ఐవీ బయటపడింది అలా.

తర్వాతి ఏళ్ళలో మన వైపు రోగులకు దిక్కైంది తాంబరం. చెన్నై శివార్లలోని ఆ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి దేశంలోనే పెద్ద హెచ్ఐవీ చికిత్సా కేంద్రాల్లో ఒకటిగా ఎదిగింది. ఆంధ్ర నుంచి పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్ళేవారు. అక్కడ మంచం దొరకడం ఒక కారణం. మనవాళ్ళు ఎవరూ చూడరన్న ధీమా రెండో కారణం. ఈ రెండో కారణాన్ని ఆరోగ్య ప్రణాళికలు వేసేవాళ్ళు తేలిగ్గా తీసుకోకూడదు. దగ్గర్లో ఆసుపత్రి పెట్టినంత మాత్రాన జనం దగ్గరి ఆసుపత్రికే వస్తారని లేదు. ఫార్మసీ కిటికీ దగ్గర నిలబడితే పక్కింటి అక్క చూస్తుందన్న భయముంటే వంద కిలోమీటర్లయినా దాటిపోతారు.

ప్రభుత్వం ఉచితంగా ఏఆర్టీ మందులు, అంటే హెచ్ఐవీని అదుపు చేసే మందులు, ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ సహా హెచ్ఐవీ ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో, మొత్తం ఎనిమిది ఆసుపత్రులతో. అప్పట్లో రక్తంలో రోగనిరోధక శక్తినిచ్చే సీడీ ఫోర్ కణాలు 200 కంటే తగ్గితేనే మందు. అంటే మనిషి బాగా దిగజారాకే చికిత్స. ఆ గీతను 350కి, తర్వాత 500కు జరిపారు. 2017 ఏప్రిల్‌లో గీతనే తుడిచేశారు. పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ కణాల సంఖ్యతో పనిలేకుండా వెంటనే మందు ఇవ్వాలన్నారు. అంతకుముందు 'మీకింకా మందు అవసరం లేదు, ఆరు నెలలాగి రండి' అని పంపితే తిరిగి రానివాళ్ళెందరో. తిరిగొచ్చిన వాళ్ళలో ఎందరో అప్పటికే టీబీతో సగమైపోయి వచ్చారు.

మన ఫ్యాక్టరీల్లో పుట్టి

మందు ధర సంగతి తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సింది. శతాబ్దం మారే నాటికి ఒక మనిషికి ఏడాది మందులకు పది వేల డాలర్లకు పైనే అయ్యేది. 2001లో మన దేశపు సిప్లా దాన్ని 350 డాలర్లకు ఇస్తానంది. 2017 సెప్టెంబరులో టీఎల్‌డీ అనే మూడు మందుల కలయికను, అంటే టెనోఫొవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మూడూ ఉన్న ఒకే మాత్రను, పేద దేశాలకు ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇచ్చే ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందంలో ఉన్న తయారీదారుల్లో హైదరాబాద్ అరబిందో ఒకటి. హెటిరో, లారస్ కూడా ఈ మందుల్లో ప్రపంచానికి తెలిసిన పేర్లే. ఆఫ్రికాలో ఏ పల్లెలోనో ఒక తల్లి రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే మాత్ర మన తెలుగు నేల మీద తయారైంది కావడం ఇవాళ అరుదేమీ కాదు.

2020 తర్వాత మన దేశంలోనూ ఆ మాత్రే ప్రధాన చికిత్స అయింది. రోజుకు ఒకటి. దుష్ప్రభావాలు తక్కువ. క్రమం తప్పకుండా వాడితే చాలామందిలో కొన్ని నెలల్లోనే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలిచిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. ఇది ధైర్యం కోసం చెప్పే మాట అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ దీనికి దారి చూపిన పెద్ద అధ్యయనంలో మన పొరుగు చెన్నై కూడా పాలుపంచుకుంది. తొమ్మిది దేశాల్లో 1,763 జంటల మీద, ఒకరికి హెచ్ఐవీ ఉండి మరొకరికి లేని జంటల మీద, జరిగిన హెచ్‌పీటీఎన్ 052 పరిశోధన అది. ముందుగానే మందు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో అది తేల్చింది. సునీతి సోలమన్ స్థాపించిన వైఆర్‌జీ కేర్ ఆ పరిశోధనా కేంద్రాల్లో ఒకటి. మాత్ర ఒక మనిషిని కాపాడుతూ పక్క మనిషినీ కాపాడుతోంది. అందుకే ఆ మాత్ర ఒక్కరోజు కూడా తప్పకుండా చేరడం ఊరందరి పని.

వందలో అరవై తొమ్మిది

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, నాకో, 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ళు సుమారు 3.21 లక్షలు. మహారాష్ట్ర తర్వాత మనమే. వయోజనుల్లో 0.67 శాతం. దేశ సగటు 0.21 శాతం. అంటే మనది దానికి మూడింతలు.

ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యం మూడు తొంభై అయిదులు. ఉన్నవాళ్ళలో 95 శాతానికి తమకు ఉందని తెలియాలి, తెలిసినవాళ్ళలో 95 శాతం మందు వాడాలి, వాడేవాళ్ళలో 95 శాతానికి వైరస్ అదుపులో ఉండాలి. 2023-24లో మన దేశం చేరింది 81, 88, 97 దగ్గరికి. ఈ అంకెల్ని మనుషులుగా మార్చి చూడండి. హెచ్ఐవీ ఉన్న వందమందిలో 19 మందికి ఆ సంగతే తెలియదు. తెలిసిన 81 మందిలో పదిమంది దాకా మందు వాడటం లేదు. వాడుతున్న 71 మందిలో ఇద్దరికి తప్ప అందరికీ వైరస్ అదుపులోనే ఉంది. చివరికి 69.

మాత్ర కడుపులోకి వెళ్ళాక తన పని నూటికి 97 పాళ్ళు చేస్తోంది. తప్పిపోతున్న 31 మందిలో 29 మంది మాత్ర దాకా రానివాళ్ళు, వచ్చి వెళ్ళిపోయినవాళ్ళు. లోటు మందులో లేదు. లోటు దారిలో ఉంది.

ఒక రోజు లెక్క

తడలో కూలి చేసుకునే ఒక మనిషికి చికిత్స మొదలైందనుకుందాం. మొదటి నెలల్లో అతను ప్రధాన ఏఆర్టీ సెంటరుకే పోవాలి. తడ నుంచి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి బస్సు. తెల్లారి బయల్దేరితే ఓపీ మొదలయ్యే వేళకు చేరొచ్చు. అక్కడ బరువు చూస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు ఉన్నాయా అని అడుగుతారు. ఈ నాలుగు ప్రశ్నలూ టీబీని పట్టుకోవడానికి. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ ప్రాణం ఎక్కువగా తీసేది టీబీయే కనుక ఆ ప్రశ్నలు ఎంత రద్దీలోనైనా వదలకూడనివి. తర్వాత కౌన్సిలర్ దగ్గర కూర్చోవాలి. డాక్టరుకు చూపించుకోవాలి. ఫార్మసీలో పాత సీసా తెరిచి మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. నెలకు ముప్ఫై మాత్రలు. 95 శాతం వాడాలంటే నెలలో ఒకటికి మించి తప్పకూడదు. రెండు మిగిలితే ఎందుకు మిగిలాయని అడుగుతారు. రోగి చికిత్స వివరాలుండే ఆకుపచ్చ పుస్తకంలో రాస్తారు. కొత్త సీసాలు ఇస్తారు. బయటపడేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఇంటికొచ్చేసరికి దీపాలు పెడతారు.

ఆ రోజు కూలి పోయింది. బస్సు ఛార్జీలు పోయాయి. కంపెనీలో పనిచేసేవాడైతే సెలవు అడగాలి, ఎందుకో చెప్పాలి. నెలనెలా ఒకే తేదీ ప్రాంతంలో సెలవడిగితే సూపర్‌వైజరు 'ఏందబ్బా, ప్రతి నెలా నీకేమొచ్చింది?' అంటాడు. అబద్ధం చెప్పాలి. ఆ అబద్ధం గుర్తుపెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణంలో సంచీలో మాత్రల సీసాలు. ప్లాస్టిక్ సీసాలో విడి మాత్రలు బస్సు కుదుపుకు గలగలమంటాయి. ఎవరైనా ఏం మందులని అడుగుతారేమోనని కొందరు లేబులు చింపేస్తారు, మాత్రలు కాగితంలో పొట్లం కడతారు. తేమ తగిలి మందు పాడవుతుందని తెలిసినా సరే. మంచి సేవ అంటే పెద్ద పెద్ద యంత్రాలే గుర్తొస్తాయి మనకు. చప్పుడు చేయని ప్యాకింగు, పేరు లేని సంచీ, ఆకుపచ్చ పుస్తకానికి మామూలు అట్ట కూడా మంచి సేవలోనివే. వీటికి కోట్లు అక్కర్లేదు.

ఈ లెక్కంతా చూశాక నెలనెలా రమ్మనడం ఎంత ఖరీదైన మాటో అర్థమవుతుంది. ఆ సంగతి గుర్తించే ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్ళకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇచ్చే పద్ధతి వచ్చింది. దూరపు వాళ్ళ కోసం ఏరియా ఆసుపత్రుల స్థాయిలో లింక్ ఏఆర్టీ సెంటర్లు వచ్చాయి. చికిత్స పెద్దాసుపత్రిలో మొదలై కుదుటపడ్డాక మాత్రలు దగ్గర్లోనే తీసుకోవచ్చు. కోవిడ్ లాక్‌డౌన్ వేళ బస్సులు నిలిచిపోతే స్వచ్ఛంద కార్యకర్తలు ఇళ్ళకే మందు చేర్చారు. ఆపత్కాలంలో చేయగలిగింది మామూలు రోజుల్లో ఎందుకు చేయలేం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిలకడగా ఉన్నవాళ్ళకు ఆరు నెలల మందు దాకా ఒకేసారి ఇవ్వొచ్చంటోంది. మొజాంబిక్‌లోని టెటే ప్రాంతంలో 2008 నుంచి మరో దారి నడిచింది. ఆరుగురు ఒక జట్టు అవుతారు. నెలకొకరు చొప్పున ఆసుపత్రికి పోయి అందరి మందూ తెస్తారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు పరీక్షలూ చేయించుకుంటారు. అద్భుతమైన ఆలోచన. కానీ మన పల్లెల్లో ఆరుగురు తమ సంగతి ఒకరికొకరు చెప్పుకోవాలంటే ఇంకా చాలా కాలం పడుతుంది. గుట్టే ఊపిరిగా బతికే మన దగ్గర ఆరు నెలల మందు, దగ్గర్లో తీసుకునే చోటు, రద్దీ లేని వేళ, ఈ మూడే బాగా పనిచేస్తాయని నా నమ్మకం. తడకు దగ్గర్లోని సూళ్ళూరుపేట లాంటి చోట వారంలో ఒక సాయంత్రమో ఒక ఆదివారమో షిఫ్టు ముగిసినవాళ్ళ కోసం కిటికీ తెరిచి ఉంచితే శ్రీసిటీ కార్మికుడికి సెలవూ అక్కర్లేదు, అబద్ధమూ అక్కర్లేదు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షకు మనిషి ప్రయాణం చేయనక్కర్లేదు, రక్తం సీసా చేస్తే చాలు.

ఇంతా చేసి కిటికీ దగ్గర 'స్టాకు లేదు, వారం తర్వాత రండి' అంటే అన్నీ వృథా. 2022లో మందుల కొరత మీద హెచ్ఐవీ బాధితులు ఢిల్లీలో నాకో కార్యాలయం ముందు వారాల తరబడి ధర్నాకు కూర్చున్నారు. మాత్ర ఆగితే వైరస్ మళ్ళీ లేస్తుంది, మందుకు లొంగని రూపమూ తీసుకోవచ్చు. రోగిని క్రమశిక్షణ అడిగే ముందు గోదాము క్రమశిక్షణలో ఉండాలి.

పుట్టింటికి పోయిన తల్లి

మన ఇళ్ళల్లో తొలికాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకెళతారు. తడ కోడలి పుట్టిల్లు తమిళనాడులోని పొన్నేరి దగ్గరో, గుమ్మిడిపూండి దగ్గరో ఉండొచ్చు. సరిహద్దుకు అటూ ఇటూ తెలుగు, తమిళం కలిసి వియ్యమందుకున్న నేల ఇది. గర్భిణికి హెచ్ఐవీ ఉంటే, చికిత్స లేకపోతే, కడుపులో, కాన్పులో, పాలు తాగే కాలంలో కలిపి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి మందు వాడి, బిడ్డకు మందు పడితే అది అయిదు శాతం లోపుకు దిగుతుంది.

చేయాల్సిన పని స్పష్టంగా ఉంది. గర్భిణిగా నమోదైనప్పుడే పరీక్ష. పాజిటివ్ అయితే వెంటనే మందు. కాన్పు ఆసుపత్రిలోనే. పుట్టగానే బిడ్డకు నెవిరపిన్ సిరప్. ఆరు వారాలకు మడమ నుంచి రక్తం చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పరీక్షకు పంపడం. ఆ తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి, పద్దెనిమిది నెలలకు మళ్ళీ చూడటం. ఇప్పుడు ఈ వరసను ఆ అమ్మాయి ప్రయాణంతో కలిపి చూడండి. పరీక్ష తడలో. మందు తిరుపతిలో. కాన్పు తమిళనాడులో. ఆరు వారాల పరీక్ష వేళకు పుట్టింట్లోనే ఉంటుంది. మూడో నెలకు అత్తారింటికి తిరిగొస్తుంది. ఈ మలుపుల్లో ఎక్కడ కాగితం జారినా బిడ్డ లెక్కలో లేకుండా పోతుంది.

ఇప్పుడు నాకోకు 'సోచ్' అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. దేశమంతా ఒకే రోగి వివరాలు ఒకేచోట కనబడటం దాని ఉద్దేశం. ప్రయాణంలో ఉన్న రోగికి వేరే సెంటరులో మందు ఇచ్చే వెసులుబాటూ ఉంది. కానీ వ్యవస్థ ఉండటం వేరు, తడ కౌన్సిలరు పొన్నేరి కౌన్సిలరుకు ఫోను చేసి 'మా అమ్మాయి మీ దగ్గరికొస్తోంది మేడం, ఫలానా వారంలో కాన్పు' అని చెప్పడం వేరు. సరిహద్దు మండలాల్లో రెండు రాష్ట్రాల సిబ్బంది పేర్లు, నంబర్లు ఒకరి దగ్గర ఒకరికి ఉండాలి. ఏ కొత్త పథకమూ అక్కర్లేని పని ఇది.

గ్లౌజులు రెండు జతలు

హెచ్ఐవీ అని తెలియగానే రెండు జతల గ్లౌజులు తొడుక్కోవడం, మంచం మూలకు జరపడం, ఆపరేషను 'వేరేచోట చూసుకోండి' అనడం, కేసు షీటు మీద అందరికీ కనపడేలా ఎర్ర సిరాతో రాయడం. ఇవి తెలుగు నాట ఏ హెచ్ఐవీ రోగిని అడిగినా చెప్పే సంగతులు. రోగి ఏఆర్టీ సెంటర్లో బాగానే ఉంటాడు. అక్కడి సిబ్బందిలో హెచ్ఐవీతో జీవించేవాళ్ళే కేర్ కోఆర్డినేటర్లుగా ఉంటారు, కళ్ళలోకి చూసి మాట్లాడతారు. పంటి నొప్పికో, కాలు విరిగో, కాన్పుకో మరో గది గడప తొక్కినప్పుడు మొదలవుతుంది బాధ. మంచి సేవను కొలవాల్సింది ఆ గదిలో.

అక్కడి సిబ్బంది భయాన్ని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన మందు తమ ఆసుపత్రిలో ఉందని, రాత్రి రెండింటికైనా దొరుకుతుందని నర్సుకు తెలిస్తే ఆ భయం చాలావరకు పోతుంది. భద్రత ఇవ్వకుండా మానవత్వం అడిగితే ఎవరికైనా కష్టమే.

దీనికి చట్టముంది. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం ఇవ్వడానికి గానీ, వైద్యం చేయడానికి గానీ హెచ్ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఒప్పుకోకుండా ఫలితం మరొకరికి చెప్పకూడదు. వందమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ ఉన్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆసుపత్రులైతే ఇరవైమంది ఉన్నా చాలు. రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి, ప్రాణం మీదికొస్తే వీలైతే 24 గంటల్లోనే ఆదేశమివ్వాలి. శ్రీసిటీలోని ఏ పెద్ద ఫ్యాక్టరీలోనైనా వందమందికి పైనే ఉంటారు. తమ కంపెనీలో ఆ అధికారి ఎవరని అక్కడి కార్మికుల్ని అడిగితే ఎంతమంది చెప్పగలరు? నోటీసు బోర్డు మీద భోజనం వేళల పక్కన ఆ పేరు, నంబరు ఉంటే ఉద్యోగం పోతుందన్న భయంతో పరీక్షకు దూరంగా ఉన్న కుర్రాడు ఒక్కడైనా ముందుకొస్తాడు. తెలియని ఆ 19 మందిలో ఒకడు తగ్గుతాడు.

ఏఆర్టీ వాడేవాళ్ళకు రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. పౌష్టికాహారానికి, బస్సు ఛార్జీలకు అది పెద్ద ఊరట. ఆ జాబితా ఎవరి కంట పడుతుందో అన్న భయంతో దరఖాస్తే పెట్టనివాళ్ళకు ధైర్యం చెప్పడం సచివాలయ సిబ్బంది చేతిలో ఉంది. నోరు మెదపకపోవడమే వాళ్ళు చేయాల్సిన సేవ.

ముందున్నది

ఆరు నెలలకొక ఇంజెక్షనుతో హెచ్ఐవీ సోకకుండా కాపాడే లెనకపవిర్ వచ్చింది. 2025 సెప్టెంబరులో దాని చవక రూపాన్ని 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి మనిషికి 40 డాలర్లకే అందిస్తామని ప్రకటన వెలువడింది. తయారు చేయబోయేది డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాద్ కంపెనీలే. లారీ డ్రైవరుకు, సెక్స్ వర్కరుకు, భాగస్వామికి హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు ఇది కొండంత అండ కాగలదు. కానీ ఆ ఇంజెక్షను వేయించుకోవడానికి కూడా ఆరు నెలలకోసారి ఒక చోటికి రావాలి. ఆ చోటు ఎక్కడుండాలో, ఎప్పుడు తెరిచి ఉండాలో, అక్కడి మనిషి ఎలా మాట్లాడాలో ఇప్పుడే తేల్చుకోకపోతే మాత్ర కథే సూదితోనూ జరుగుతుంది.

ఈ పేజీ చదువుతున్నవాళ్ళలో ఫ్యాక్టరీ హెచ్ఆర్ అధికారులుంటే మీ సంస్థలో ఫిర్యాదుల అధికారి పేరు రేపే గోడ మీద పెట్టండి. ఆసుపత్రి నడిపేవాళ్ళుంటే సూది గుచ్చుకున్నప్పుడు వాడే మందు మీ దగ్గర ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. మందు మధ్యలో మానేసినవాళ్ళుంటే తిట్టేవాళ్ళెవరూ లేరు, పాత పుస్తకం పోయినా ఫరవాలేదు, మళ్ళీ వెళ్ళండి. అనుమానం ఉన్నవాళ్ళు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అనే కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రానికి వెళ్ళండి. పరీక్ష ఉచితం, ఫలితం మీకు మాత్రమే చెబుతారు. వెళ్ళే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే నాకో టోల్‌ఫ్రీ నంబరు 1097. తెలుగులోనే మాట్లాడొచ్చు.